రక్తం ఆగితే రానక్కర్లేదు

"అబద్ధం చెప్పకండి," అంది డాక్టర్ హరిచందన, చిన్న అద్దాన్ని అతని నోట్లోంచి తీస్తూ. "పడుకునే ముందు మీరు పళ్ళు తోముకోవడం లేదు."

జైపాల్‌కు ఒళ్ళు మండింది. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్ అతను. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని పటాన్‌చెరులోని ఈ క్లినిక్‌కు వస్తే, పళ్ళు క్లీన్ చేసి, రెండు పూటలా తోముకోమని చెప్పి, పది రోజులకు రమ్మంది. చెప్పినట్టే చేసి వచ్చాడు. వస్తే ఇదీ మర్యాద.

"మా అమ్మ మీద ఒట్టు మేడమ్. రోజు రాత్రి తొమ్మిదింటికి తోముకొనే కంపెనీ బస్సెక్కుతున్న."

"బస్సెక్కి?"

"డ్యూటీకి పోత. ఈ నెలంత నైట్ షిఫ్టే."

"మరి పడుకునేది?"

"పొద్దుగాల ఎనిమిదింటికి."

"మధ్యలో ఏం తింటారు?"

"ఏమున్నది, మూడు చాయ్‌లు, బిస్కెట్లు. డ్యూటీ దిగినంక ఇడ్లీ. తిని పండుకుంట."

మాస్కు పైన ఆమె కళ్ళు చిన్నవయ్యాయి, భుజాలు కదిలాయి. నవ్వుతోందని అర్థం కావడానికి అతనికి కాసేపు పట్టింది.

"గడియారాన్ని చూసి కాదండీ, మంచాన్ని చూసి తోముకోవాలి. మీకు రాత్రంటే పొద్దున్న ఎనిమిదే."

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా మరి?"

"నిజమే. మీ షిఫ్టు అడగకపోవడం నా తప్పు."

డాక్టర్లు తప్పు ఒప్పుకోవడం జైపాల్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అక్కడే పడిపోయాడు పాపం.

ఆ రోజు ఆమె ప్లాస్టిక్ పళ్ళ సెట్టు ముందు పెట్టి, ఎల్‌కేజీ పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మెత్తటి బ్రష్ చిగురు అంచున వాల్చి పెట్టాలి, గీకకుండా చిన్నచిన్న సున్నాలు చుట్టాలి, రెండు నిమిషాలు తగ్గకూడదు.

"రక్తం వస్తోందని ఈ కుడి మూల వదిలేస్తున్నారు కదూ? పాచి పేరుకుంది అక్కడే. మెల్లగానైనా అక్కడే తోమాలి."

తోమాడు. పదిహేను రోజులకు మళ్ళీ చూసి ఆమె మురిసిపోయింది. "బాగా తగ్గింది. ఇంకొక్కసారి చూస్తాను. రక్తం ఆగితే ఇక రానక్కర్లేదు."

అంతే. జైపాల్‌కు కాలు ఒకచోట నిలవలేదు. ఇంద్రేశంలోని తన గదిలో పడుకుంటే నిద్ర రాదు, లేస్తే తోచదు. ఫ్యాక్టరీలో చూసిన మీటరే మళ్ళీ చూస్తున్నాడు. పటాన్‌చెరు మీదుగా బస్సు పోతుంటే, వాన జల్లు మీద పడుతున్నా కిటికీ మూయడు, క్లినిక్ బోర్డు కనిపించదని.

"ఏమైంది రా, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు పక్క సీటు యాదన్న, సగం తడిసిన చొక్కా దులుపుకుంటూ.

"రక్తం ఆగుతున్నది అన్నా."

"మంచిదే గదరా."

"ఏం మంచిది," అని అటు తిరిగాడు జైపాల్.

మర్నాటి నుంచి బ్రష్ ముట్టుకోలేదు. ఉత్త నీళ్ళు పుక్కిలించి పడుకునేవాడు. ఎనిమిదో రోజు ఉమ్మితే ఎర్రగా కనిపించింది. సంబరపడ్డాడు, బుద్ధి ఉన్నవాడెవడూ సంబరపడని సంగతికి.

ఆ రోజే క్లినిక్‌కు వెళ్ళాడు. హరిచందన నోరు చూసి, అద్దం పక్కన పెట్టింది.

"నేను చెప్పినట్టే చేశారా?"

"చేసిన మేడమ్."

"అయితే లోపం నాలోనే ఉంది." ఆమె గ్లవ్స్ తీసేసింది. "మా పెద్ద డాక్టర్ సూర్యప్రకాశరావు గారు మొదటే అన్నారు, చిగుళ్ళు కోసి శుభ్రం చెయ్యాల్సిందేనని. తోముకోవడం సరిగ్గా నేర్పితే చాలు, ఈ కేసు నాకు వదిలెయ్యండని నేనే పంతం పట్టాను. ఇక్కడ చేరాక నా మొదటి కేసు మీది. సార్‌కి అప్పగించేస్తాను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి జైపాల్‌కు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నోరు విప్పితే ఆమె ఛీ కొడుతుంది. విప్పకపోతే ఆమె మీద ఆమెకే నమ్మకం పోతుంది.

"తప్పు మీది గాదు మేడమ్. ఎనిమిది దినాలాయె, నేనే తోముకుంటలేను."

"ఎందుకు?"

"రక్తం ఆగితే రానక్కర్లేదంటిరి. మిమ్మల్ని చూడకుంట ఉండుడు నాతోని అయితలేదు. మీరంటే నాకు పాణం."

బయట వాన రేకుల మీద దంచుతోంది. ఆమె అంతకన్నా గట్టిగా మొదలుపెట్టింది.

"చిగురు కింద ఎముక కరిగితే మళ్ళీ రాదు, తెలుసా? ముప్పై ఏళ్ళకే పళ్ళు ఊడగొట్టుకుని వచ్చి ఇష్టమంటారా? నన్నెంత ఏడిపించారో తెలుసా? రెండు వారాలు టైమిస్తున్నాను. ఒక్క చుక్క కనిపించినా మీ మొహం నాకు చూపించకండి."

ఆ రెండు వారాలు జైపాల్ పడుకునే ముందొకసారి, లేచాక ఒకసారి ఫోన్‌లో టైమ్ పెట్టుకుని తోమాడు. చాయ్ తాగినప్పుడల్లా పుక్కిలించాడు. పళ్ళ సందులకు సన్న బ్రష్ కొన్నాడు. చిగుళ్ళు గట్టిపడుతున్న కొద్దీ గుండె జారిపోయింది. అయినా మానలేదు, ఆమె మాట గెలవాలి.

గడువు రోజు హరిచందన పై పళ్ళు, కింది పళ్ళు, కుడి మూల, అన్నీ తడిమి చూసింది.

"ఒక్క చుక్క లేదు. ఇక నా దగ్గరికి రానక్కర్లేదు. మీ ఫైలు సూర్యప్రకాశరావు గారికి ఇచ్చేశాను. ఆరు నెలలకోసారి ఆయనకు చూపించుకోండి."

"ఇంకా కోపమేనా మేడమ్? తప్పు ఒప్పుకున్న గద."

"కోపం కాదు." ఆమె మాస్కు తీసింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "పేషెంట్లతో నేను బయట తిరగను. అందుకని ఇచ్చేశాను."

జైపాల్ ఒక్కుదుటున లేవబోయి నెత్తి మీది లైటుకు గుద్దుకున్నాడు.

"తగిలిందా?"

"లేదు మేడమ్."

"మేడమ్ ఏంటి ఇంకా? ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది. ఉంటావా, వెళ్తావా?"

"ఉంట," అన్నాడు జైపాల్, నెత్తి రుద్దుకుంటూ.