మంచు దాటి వచ్చిన ఓట్ల పెట్టె

"పెట్టె తేబోయిన మనవాడు మంచుకింద దొరికాడు, ఏమస్. మెడ విరిచేశారు," అన్నాడు సర్కారు గూఢచారి శాఖ చీఫ్ బ్రైస్.

1916 నవంబరు. అమెరికా అంతా ఓట్లేసింది, అధ్యక్షుడెవరో మాత్రం తేలలేదు. కాలిఫోర్నియా ఎటు మొగ్గితే వాళ్ళదే గెలుపు. అది తేల్చాల్సినవి కొండల్లోని గని ఊళ్ళ పెట్టెలు.

"జర్మన్ ముఠా పని. ఓట్ల లెక్క తేలకపోతే వాషింగ్టన్ పాలన కుక్కలు చింపిన విస్తరే. యూరప్ యుద్ధం వేళ వాళ్ళకు కావలసిందీ అదే. పోస్ట్‌మన్ వేషంలో వెళ్ళు. పోలింగ్ అధికారిణి ఎడ్నా స్ప్రౌల్ పెట్టెతో ఎదురొస్తుంది. మన ఏజెంటే. ఆ కొండల్లోనే పుట్టి పెరిగింది."

"ముఖం?"

"నేనూ చూళ్ళేదు. కోడ్ ఉంది."

కనుమ దగ్గర నక్కతోలు కోటు, ఎర్రటి పెదాలు, వీపున పెట్టెతో ఒకామె నిలబడి ఉంది.

"దారిలో ఎలుగు కనిపించిందా, మేడమ్?"

"కనిపించింది. నన్ను చూసి సిగ్గుపడింది."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ కాళ్ళకు కట్టిన స్కీ పలకల మీద మంచులో జారుతూ దిగసాగారు.

"పెట్టె నేను మోస్తాను."

"మీ ఉత్తరాలు మీరు మోసుకోండి, పోస్ట్‌మన్ గారూ!" నవ్విందామె. ఆగినచోటల్లా పెట్టెను నిద్రపోయే పసిబిడ్డలా దించింది.

ఎండెక్కి మంచు స్కీలకు అంటుకోసాగింది. ఏమస్ చొక్కాలోంచి మైనం తీసి స్కీల అడుగున రుద్దాడు. కర్పూరం, దేవదారు బంక పోసి వాళ్ళమ్మ కాచింది. ఆమె తన మైనం సంచిలోంచి తీసింది. రాయిలా బిగుసుకుపోయింది, ఎంత రుద్దినా అంటలేదు. ఏమస్ చూశాడు. ఆ కొండల్లో పసివాడు కూడా మైనం మెత్తగా ఉండాలని పొట్టకానించే పెట్టుకుంటాడు.

లోయ అంచు తిరగ్గానే కింద కోర్టు కప్పు కనిపించింది. జిల్లా పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి.

"ఇక్కణ్ణుంచి మీరు తీసుకెళ్ళండి. మిగతా పెట్టెల నడుమ పెట్టండి. భద్రం."

ఏమస్ అందుకున్నాడు. పెట్టె అడుగున సన్నగా టిక్, టిక్.

"ఎడ్నా ఎక్కడ?"

ఆమె నవ్వు ఆరిపోయింది. "పాత గనిలో. కోడ్ చెప్పేదాకా అడిగాం." చేతిలో పిస్టల్.

ఏమస్ స్కీ కర్ర విసురుగా తిరిగింది. పిస్టల్ మంచులో కూరుకుపోయింది. పారిపోబోతే మైనం అంటని స్కీలకు మంచు ముద్దలు కట్టి ఆమె బోర్లా పడింది.

"విసిరెయ్, మూర్ఖుడా! ఇద్దరం పోతాం!"

విసిరేస్తే ప్రాణం దక్కుతుంది, ఓట్లు పోతాయి. ఏమస్ పెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కర్ర ఇనపమొనతో అడుగు పలక పెకలించాడు. రాగి డబ్బా. కుదుపులకు జారిన గడియారం ముల్లు పేలుడు గుర్తుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. డబ్బా లాగి లోయలోకి విసిరాడు. లోయ గర్జించింది. ఎదుటి కొండ మంచంతా జారిపోయింది.

పెట్టె సీలు చెక్కుచెదరలేదు.

ఏమస్ ఆ నకిలీ ఎడ్నాను కట్టేసి, పెట్టెతో కోర్టుకు చేరాడు. మనుషులు పాత గనికి వెళ్ళి అసలు ఎడ్నాను ప్రాణాలతో తెచ్చారు. ముసలి క్లర్కు సీలు తీసి లెక్కపెట్టి, కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఇప్పుడున్న అధ్యక్షుడికి పందొమ్మిది. ఎదుటివాడికి నలభై ఒకటి. ఏమయ్యా, సర్కారు మనిషివి, ప్రాణమొడ్డి తెచ్చింది ఇవా?"

"అందుకే దారిలో విప్పి చూళ్ళేదు," అన్నాడు ఏమస్.