కోతుల కోసం వేసిన తాళం

బీర్పూర్ దాటి అడవి అంచున ఉన్న మామిడితోటలో ఇల్లు కట్టుకున్న నాటి నుంచి లీలకు కోతులతో యుద్ధమే. పొయ్యి మీది కూర గిన్నెతో సహా మాయమయ్యేది. అదైతే సర్దుకుంది కానీ, నిరుడు ఒక గండుకోతి అత్తగారు రాధమ్మను తోసేసి ముంజేయి విరగ్గొట్టింది. ఆ వారంలోనే లీల వెల్డింగ్ వాళ్లను పిలిపించి ఇంటి చుట్టూ ఇనుప జాలి బిగించేసింది. వెనక తలుపు ఆ జాలి వెనకాలే మూతపడిపోయింది. రాకపోకలకు ముందరి తలుపొక్కటే మిగిలింది. దాని గడియను కూడా కోతులు చేయిపెట్టి లాగడం నేర్చుకున్నాయి. అందుకని బయటికి వెళ్లినప్పుడల్లా లీల దానికి తాళం వేసేది, అత్తగారు లోపల ఉన్నా సరే.

ఏప్రిల్ చివరి ఆదివారం కోరుట్లలో లీల అన్న మధుకర్ పుట్టింటి ఆనవాయితీగా ఆమెకు ఒడిబియ్యం పోస్తానన్నాడు. పట్టుచీర కట్టుకుని తాళం చేతికి తీసుకుందో లేదో కూతురు శ్రుతి అడ్డం వచ్చింది. సిరిసిల్లలో ఉద్యోగం చేసే ఆ పిల్ల ముందురోజే వచ్చింది.

"బాపమ్మను లోపల పెట్టి తాళమేసుడేందమ్మా?"

"కోతులు రాకుండ."

"ఏమన్న అయితే ఎట్ల బయటికొస్తది? చుట్టూ కోసిన పొలాలే. వరి కొయ్యలకు నిప్పు పెడుతున్నరు. వెనక జాలికి ఒక తలుపన్న పెట్టియ్యి, లోపల్నుంచి తీసుకునేటట్టు."

"పదేండ్ల సంది పెడుతున్నరు. మన తోటలకు ఒక్క నిప్పురవ్వ రాలే. మీ ఆఫీసుల నేర్పిన ముచ్చట్లు నాకు చెప్పకు."

"అయితే నేనుంట. మీరు పోయి రాండ్రి."

"మేనమామ ఇంటికి రాకుంటే నలుగురు ఏమనుకుంటరు?"

"అమ్మను గూడ తీసుకపోదాం" అన్నాడు భర్త సుధాకర్ రావు, ఎవరికీ గట్టిగా వినపడకుండా.

"గీ ఎండలనా? కారుల కూసుంటే అత్తమ్మకు తల తిరుగుతది."

రాధమ్మ మంచం మీద నుంచే నవ్వింది. "నాకేమైతది బిడ్డా. ఫ్యాను కింద పండుకుంట. మంచిగ పోయి రాండ్రి."

ఆ ఇంట్లో లీల మాటకు తిరుగులేదు. తాళం పడింది. తోట చూసుకునే చంద్రయ్యకు, అతని భార్య సమ్మవ్వకు నాలుగు జాగ్రత్తలు చెప్పి అందరూ కారెక్కారు.

కోరుట్లలో లీల పీట మీద కూర్చుంది. వదిన, అక్కలు ఒకరి తర్వాత ఒకరు ఒడిలో బియ్యం పోస్తున్నారు. ఫోను సంచీలో ఉంది. మగవాళ్లు షామియానా కింద భోజనాల్లో ఉన్నారు, మైకు హోరులో పక్కవాడి మాటే వినపడడం లేదు. పీట దిగి ఫోను చూసుకుంటే సమ్మవ్వ దగ్గరి నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయి. పన్నెండోసారి మోగుతుంటే ఎత్తింది.

"దొరసానీ" సమ్మవ్వ రొప్పుతోంది. "పక్క పొలం మంట తోటలకొచ్చింది. ఎండాకులన్ని అంటుకున్నయ్. ముందటి తలుపు దిక్కు సెగ పోనిస్తలేదు."

"మోటరెయ్యుండ్రి."

"తీగలు కాలి కరెంటు పోయింది. ట్రాక్టరుకు గొలుసు గట్టి ఎనక జాలి పీకుతనంటున్నడు మా ఆయన. పీకమంటరా?"

లీలకు ఆ ప్రశ్న ఒక్క క్షణం అర్థం కాలేదు. "నన్నడుగుడేంది సమ్మవ్వా? పీకుండ్రి. గోడ కూలినా సరే."

శ్రుతి ఫోను లాక్కుంది. "బాపమ్మను బాత్రూంలకు పొమ్మను. తడిబట్ట ముక్కుకు కట్టుకొని నేల మీద కూసోమను." అవతల విన్నారో లేదో, లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

కారు వైపు పరుగెత్తుతుంటే లీల ఒడిలోని బియ్యం వాకిలంతా రాలాయి. గంటకు పైగా దారి. రోడ్డు పొడుగునా వడ్ల ట్రాక్టర్లు పెళ్లికి పోతున్నట్టు తీరిగ్గా పోతున్నాయి. సుధాకర్ రావు హారన్ మీద నుంచి చేయి తీయలేదు. శ్రుతి ఫోను చేస్తే, జగిత్యాల నుంచి ఫైరింజన్ బయలుదేరిందని మాత్రం తెలిసింది.

"నేనుంటనన్న" అంది శ్రుతి ఏడుస్తూ. "నలుగురు ఏమనుకుంటరన్నవు. ఇప్పుడు ఏమనుకుంటరమ్మా?"

"కావాలని వేసిన్నా? మళ్లీ కోతి పడితే ముసలి పానం ఆగుతదా అని వేసిన."

సుధాకర్ రావు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "నేను కొడుకునయ్యుండి ఒక్క మాట గట్టిగ అనలే" అన్నాడు. అతను తిట్టినా బాగుండునని లీలకు అనిపించింది. తాళంచెవి ఆమె సంచీలో ఉంది. సమ్మవ్వ నంబరు నొక్కడం, స్విచాఫ్ అన్న మాట వినడం, మళ్లీ నొక్కడం తప్ప ఆమెకు చేయడానికి ఏమీ లేదు. మొక్కుకుందామంటే ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు.

తోట చేరేసరికి సగం చెట్లు నల్లబడి ఉన్నాయి. ముందు వరండా కాలిపోయింది. ఫైరింజన్ వాళ్లు ఇంకా నీళ్లు కొడుతున్నారు. ఇంటి వెనక జాలి గోడ ఇటుకలతో సహా ఊడివచ్చి నేల మీద పడి ఉంది. బోరు దగ్గర నులకమంచం మీద రాధమ్మ కూర్చుని దగ్గుతోంది. ఒంటి మీది చీర తడిసి ఉంది, జుట్టు కొసలు మాడిపోయాయి. సమ్మవ్వ కొంగుతో విసురుతోంది.

సుధాకర్ రావు తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. లీల మాత్రం చంద్రయ్య మీదికి వెళ్లింది. దారంతా మోసుకొచ్చిన భయం ఎవరి మీదైనా పడాలి కదా.

"నేను ఫోనెత్తేదాంక ఆగినవా? నేను ఎత్తకపోతే పీకకపోతుంటివా? మనిషి పానం కంటె ఇనుము ఎక్కువనా?"

చంద్రయ్య బొబ్బలెక్కిన అరచేతుల వైపు చూసుకున్నాడు. సమ్మవ్వే జవాబిచ్చింది.

"గొలుసు ఎప్పుడో తెచ్చిండు దొరసానీ. పెద్ద దొరసానే వద్దన్నది. లోపల దగ్గుకుంటనే, లీల పెట్టిచ్చుకున్నది, ఆమెనడగక ముట్టకుండ్రి అన్నది."

లీల మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. "నేనంటె మీకు గంత భయమా అత్తమ్మా?"

"భయం గాదు లీలా" అంది రాధమ్మ, దగ్గు ఆపుకుంటూ. "మొన్న జాలి మీద సున్నం చుక్క పడితెనే రెండు దినాలు మాట్లాడకపోతివి. పీకేస్తే ఎంత బాధపడ్తవో అని."

ఒకవైపు మంట, ఒకవైపు తన కోపం. పెద్దామె ఏది ఎక్కువో తూచుకుంటూ ఆ పొగలో కూర్చుందన్నమాట. కోతుల నుంచి కాపాడుతున్నానని ఏడాదిగా ఊరంతా చెప్పుకుంది లీల. ఆ ముసలామె మాత్రం తనను ఎవరి నుంచి కాపాడాలో ఒక్కనాడూ ఎవరికీ చెప్పుకోలేదు.

లీల ఆమె ఒడిలో తలపెట్టి బోరుమంది. "నన్ను కొట్టుండ్రి అత్తమ్మా. నన్నడిగి బతికేంత పాపం మీరేం జేసిండ్రు?"

శ్రుతి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తల్లి వీపు మీద చేయి వేసింది.

రాధమ్మ మసి చేతులతోనే కోడలి కళ్లు తుడిచింది. "ఊకో బిడ్డా, ఊకో. పుట్టింటికి పోయినదానివి, అన్నమన్న తిన్నవా?"

లీల తినలేదు. ఆ మసి చేతులు పట్టుకుని అడ్డంగా తల ఊపింది.