కెప్టెన్ జడలు

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి పేజీ లైబ్రరీలో ఉంది. ఆమె ముందు బల్ల మీద కత్తెర, టేపు, ప్లాస్టిక్ షీటు ఉన్నాయి. వాటి మధ్యలో ఒక కొత్త పుస్తకం ఉంది.

పేజీకి అసలు పేరు వేరే ఉంది. కానీ ఆ సంగతి ఇంట్లో, బడిలో ఎప్పుడో మర్చిపోయారు. అన్నం తినేటప్పుడు కూడా ఆ పిల్ల ఎడమచేతి బొటనవేలు ఏదో ఒక పుస్తకంలో ఇరుక్కుని ఉంటుంది. అందుకని వాళ్లమ్మ పెట్టిన పేరు అది.

ఆ లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. కొత్త పుస్తకానికి ఎవరు అట్ట వేస్తే వాళ్లే దాన్ని మొదట ఇంటికి తీసుకెళ్లాలి. ఇంకేముంది, అట్టలు వేయడంలో పేజీకి చెయ్యి తిరిగిపోయింది.

ఈ రోజు వచ్చింది మామూలు పుస్తకం కాదు. ‘ఏటి కెప్టెన్’. తాత మంచాన పడితే, ఆయన పడవని తానే నడిపే పదిహేనేళ్ల పిల్ల కథ. ఊళ్లో అందరూ ఆ పిల్లని కెప్టెన్ అనే పిలుస్తారు. ఇటుకంత లావున్న ఆ నవలని పేజీ ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు అదే కథ గ్రాఫిక్ నవలగా వచ్చింది. అన్నీ బొమ్మలే.

కానీ ముఖచిత్రం చూడగానే పేజీ మొహం ముడుచుకుంది. కెప్టెన్ చుక్కాని పట్టుకుని నవ్వుతోంది. జుట్టు మాత్రం బాగా పొట్టిగా ఉంది. చెవులు రెండూ బయటికి కనిపిస్తున్నాయి.

“ఇదేంటి, జడలేవి?” అంది పేజీ.

“ఎంత బాగుందో కదా,” అంది పక్కన నిలబడిన మువ్వ.

మువ్వదీ పేజీ క్లాసే. చాలా నెలలు ఆస్పత్రిలో ఉండి ఈ మధ్యే బడికి వస్తోంది. మందుల వల్ల ఊడిపోయిన జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. అందుకే ఎప్పుడూ తలకి నీలం గుడ్డ టోపీ ఉంటుంది. క్లాసులో కూడా తీయదు.

“నీ తర్వాత నాకిస్తావా?” అని అడిగింది మువ్వ, ముఖచిత్రం మీద నుంచి చూపు తిప్పకుండా.

“రేపే ఇస్తాలే,” అంది పేజీ. ఆమె బుర్రంతా ఆ లేని జడల మీదే ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లి పుస్తకం తెరిచింది. పడవ బాగుంది. తుఫాను ఇంకా బాగుంది. కానీ ప్రతి బొమ్మలోనూ ఆ పొట్టి జుట్టు పిల్లే. ఇన్నాళ్లూ తన మనసులో తిరిగిన కెప్టెన్‌కి రెండు పొడుగాటి జడలు. గాలి వీస్తే అవి వెనక్కి ఎగురుతాయి. ఈమె ఎవరో వేరే పిల్లలా ఉంది.

పేజీ నల్ల పెన్ను తీసింది. మొదటి బొమ్మలో కెప్టెన్‌కి రెండు జడలు వేసింది.

“హమ్మయ్య, ఇప్పుడు కెప్టెన్‌లా ఉంది,” అనుకుంది.

మరి మొదటి బొమ్మలో ఉన్న జడలు రెండో బొమ్మలో మాయమవుతాయా? దానికీ వేసింది. ఆ పక్కదానికీ వేసింది. అలా చివరి పేజీ దాకా వేసుకుంటూ పోయింది. ముఖచిత్రం ఒక్కటే తప్పించుకుంది, దాని మీద ప్లాస్టిక్ అట్ట ఉంది కాబట్టి.

మర్నాడు పొద్దున క్లాసులోకి రాగానే పేజీకి ఒక వింత కనిపించింది. మువ్వ తల మీద టోపీ లేదు. పొట్టి పొట్టి వెంట్రుకలు గాలికి నిక్కబొడుచుకుని ఉన్నాయి. మువ్వ కొంచెం బెరుగ్గా ఉంది, కానీ తల మాత్రం ఎత్తుకునే కూర్చుంది.

“తెచ్చావా?” అంటూ చెయ్యి చాపింది.

పేజీ పుస్తకం ఇచ్చింది. మువ్వ ముఖచిత్రాన్ని ఒకసారి నిమిరి లోపల తెరిచింది. ఒక బొమ్మ చూసింది. రెండోది చూసింది. మళ్లీ ముఖచిత్రం చూసింది.

“అట్ట మీద పొట్టి జుట్టు ఉంది, లోపల జడలున్నాయేంటి?”

పేజీ సంచి సర్దుకుంటూ, “ఏమో,” అంది.

“అట్ట బొమ్మ వేసినవాళ్లు పొరపాటు పడి ఉంటారులే,” అంది మువ్వ. పుస్తకం మూసి పేజీకి తిరిగి ఇచ్చేసింది. సంచిలోంచి నీలం టోపీ తీసి, చెవులు కూడా మూసుకునేలా కిందికి లాక్కుంది.

ఆ రోజు పాఠాలు ఏవీ పేజీ చెవికెక్కలేదు. ఆ టోపీ కిందికి దిగిన తీరే మళ్లీ మళ్లీ కళ్లముందు ఆడింది.

ఇంటికి రాగానే లావుపాటి నవల ముందేసుకుంది. కెప్టెన్‌కి జడలున్నాయని అందులో ఎక్కడో ఉండే ఉంటుంది. అది దొరికితే తన తప్పేమీ లేనట్టే. వేలు పెట్టి వెతికింది. తాత దగ్గు ఉంది. తెరచాప చిరుగు ఉంది. ‘జుట్టు కళ్లలో పడింది’ అని ఒకచోట ఉంది. జడల ఊసు మాత్రం పుస్తకం మొత్తంలో లేదు.

ఆలోచిస్తూ తన రెండు జడల్లో ఒకదాని కొస నోట్లో పెట్టుకుంది. అలా పెట్టుకున్నది కాస్తా ఆగిపోయింది. కెప్టెన్‌కి వేసినవి ఎవరి జడలో అప్పుడు తెలిసింది.

పేజీ అమ్మ టైలర్. చిరిగిన చోట కనబడకుండా అతుకు వేయడంలో ఆమెకి పేరుంది. ఆ సాయంత్రం ఎవరిదో పూల చొక్కా బాగుచేస్తోంది. పేజీ వెళ్లి పక్కన కూలబడి సంగతంతా చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

అమ్మ మిషన్ ఆపింది. “చేసేటప్పుడు చెయ్యి ఆగలేదు, ఇప్పుడు కళ్లు ఆగడం లేదు,” అంది. ఆ తర్వాత పేజీ జడ సవరించింది. “రబ్బరుతో రుద్దావా?”

“రుద్దితే కాగితం చిరిగేలా ఉందమ్మా.”

“చెరపలేనిదాన్ని అతకాలి. ఇది చూడు, అతుకు గుడ్డ దాని చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవాలి. నీలం పక్కన నీలం, పువ్వు పక్కన పువ్వు. ఓపిక ఉందా నీకు?”

“ఉంది.”

“అయితే ముందు చెప్పాల్సినవాళ్లకి చెప్పి రా. అతుకు తర్వాత.”

మర్నాడు పేజీ జరిగింది చెప్పి పుస్తకం ఇస్తే, లైబ్రరీ టీచర్ దాన్ని మొత్తం తిరగేసింది. 

“నీ మనసులో ఉన్న కెప్టెన్ జడలు ఎవరైనా కత్తిరించారా?” అని అడిగింది చివరికి.

“లేదు టీచర్.”

“మరి నువ్వెందుకు ఇంకొకళ్ల కెప్టెన్ జోలికి వెళ్లావు?”

పేజీ లంచ్‌లో రోజూ వచ్చి బాగుచేస్తానంది. టీచర్ జిగురు సీసా, పల్చటి తెల్ల కాగితం బల్ల మీద పెట్టింది. కానీ పేజీ ముందు మువ్వని వెతుక్కుంటూ వెళ్లింది.

మువ్వ మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది.

“ఆ జడలు నేను వేశాను,” అంది పేజీ.

మువ్వకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “అయితే ఆమెకి జడలు లేవా?”

“లేవు.”

“ఒక్క పేజీలో కూడా?”

“ఒక్క పేజీలో కూడా.”

మువ్వ కళ్లు నీళ్లతో నిండాయి. “ఆమెని చూసే నేను టోపీ తీసి వచ్చాను. తెలుసా నీకు?”

“తెలుసు. తప్పు నాది.”

మువ్వ లేచి వెళ్లిపోయింది.

పేజీ కాగితం ముక్కలకి రంగులు వేయడం మొదలుపెట్టింది. జడ వెనక ఆకాశం ఉంటే నీలం, ఏరు ఉంటే ఆకుపచ్చ. సన్నగా కత్తిరించి ఒక్కో జడ మీద అతికించింది. మొదటి రోజు వేళ్లకి అంటినంత జిగురు పుస్తకానికి అంటలేదు. మూడు బొమ్మలు అయ్యేసరికి గంట కొట్టేశారు.

కొన్నాళ్లకి బల్ల దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డారు. తలెత్తితే మువ్వ.

“ఏరు ఆ రంగులో ఉండదు. కొంచెం పసుపు కలుపు,” అంది. అని కుర్చీ లాక్కుంది.

అప్పట్నుంచి మువ్వ రంగులు కలిపేది, పేజీ అతికించేది. పని మధ్యలో ఇద్దరూ కథ గురించి కొట్లాడుకునేవాళ్లు కూడా. కెప్టెన్ తుఫానులో వెళ్లడం తెలివితక్కువ పనని మువ్వ. కాదు, ధైర్యమని పేజీ. ఒక రోజు పనిలో చెమట పడుతోందని మువ్వ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. పేజీ దాన్ని జిగురు తగలకుండా పక్కకి జరిపింది.

చివరికి ఒకే ఒక్క బొమ్మ మిగిలింది. కథలో రెండేళ్లు గడిచాక కెప్టెన్ పడవని ఒడ్డుకి తెస్తుంది. ఆ బొమ్మలో కూడా పేజీ జడలు వేసింది. ఇప్పుడు వాటికి సరిపోయే ముక్కలు కత్తిరించి సిద్ధంగా పెట్టుకుంది. జిగురు కూడా రాసింది.

కానీ అతికించబోయి ఆగింది. పుస్తకాన్ని మువ్వ వైపు తిప్పింది.

“దీన్ని ఏం చేద్దాం? నువ్వు చెప్పు,” అంది.

మువ్వ ఆ బొమ్మ చూస్తూ చేత్తో తన తల మీది పొట్టి వెంట్రుకలు తడుముకుంది.

“రెండేళ్లయింది కదా,” అంది. “ఈపాటికి పెరిగే ఉంటుంది. దీన్ని ఇలాగే ఉంచు.”

పేజీ టీచర్ వైపు చూసింది. టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “కళ్లజోడు లేకపోతే నాకేమీ కనబడదు,” అంది.

పేజీ చేతిలోని కాగితం ముక్కలు పక్కన పెట్టి, పుస్తకాన్ని మువ్వకి ఇచ్చింది.