సోమిలి మచ్చకన్ను

ఉదయకోన రాజ్యాన్ని ఏలే రణధీరుడికి తల వంచడమంటే గిట్టదు. గుమ్మం తలకు తగులుతోందని గుమ్మాన్నే పగలగొట్టించిన ఘనుడు ఆయన. ఆయన కొలువులో ఓరచూపు చూడటం నేరం. ఎవరైనా సరే, ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడాలి.

ఒక అమావాస్యనాడు పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, ఆ నీళ్ళలో నీడ చూడటం అక్కడి ఆచారం. రాజు ఆ పళ్ళేలను చూసి నవ్వాడు. ఉదయకోనవాళ్ళు సూర్యుడికి కూడా తల వంచరని చెప్పి, పళ్ళేలన్నీ బోర్లించి, ప్రజలందరినీ కోట బురుజుల మీద నిలబెట్టి ఆకాశంలోకి సూటిగా చూడమన్నాడు. తానూ చూశాడు. వద్దని మొత్తుకున్న జోస్యుడి చేత కూడా చూపించాడు.

మర్నాటికి అందరి చూపు నడిమధ్యా ఒక నల్లమచ్చ పడింది. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నది తప్ప. రాజుకు మంత్రి తలపాగా, చెవులు కనిపించేవి, ముఖం మాత్రం మాయం. వైద్యులు పరుగున వచ్చారు గాని, వాళ్ళకు రాజుగారి కళ్ళే కనిపించలేదు.

కోట కింద ముత్తన్న అనే బాణాల పనివాడు ఉండేవాడు. బాణపు పుల్లను నిప్పుల మీద కాచి, ఒక కన్ను మూసి గురిచూసి వంకర తీయడంలో ఆయనను మించినవాడు లేడు. ఇప్పుడు ఆయనకు ప్రతి బాణమూ నడుమ వంగినట్టే కనిపించసాగింది. పాపం, తిన్నని బాణాలనే కాచి కాచి నిజంగా వంకర చేసేశాడు. మూడు వందల బాణాలు పాడయ్యాక గాని వంకర బాణాల్లో లేదని ఆయనకు తెలియలేదు.

ఆయన ఒక్కగానొక్క కూతురు సోమిలి. తండ్రి దగ్గర పని నేర్చిన పిల్ల గనుక, గ్రహణాన్ని కూడా అలవాటుగా ఎడమకన్ను మూసి చూసింది. అందుకని ఆమెకు మచ్చ కుడికంటిలోనే పడింది, రాజాజ్ఞకు జడిసి రెండు కళ్ళూ తెరిచి చూసిన తండ్రికి రెండింటా పడింది. ముత్తన్న ఆమె గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జడ కనిపిస్తాంది తల్లీ, చెవికమ్మ కనిపిస్తాంది. నువ్వే కనిపించడంల్యా," అన్నాడు.

సోమిలి తన మచ్చను కొలిచి చూడసాగింది. రోజూ ఉదయం ఎడమకన్ను మూసి, చేయి చాచి బాణం పట్టుకుని చూసుకునేది. మొదటిరోజు బాణంలో పెసరగింజంత మేర కనిపించలేదు. మూడోరోజుకు అది చింతగింజంత అయింది. మచ్చ పెరుగుతోంది. తండ్రికి ఆ జడ కూడా కనిపించకుండా పోయే రోజు ఎంతో దూరంలో లేదు. ఆమె ఒక్క బాణం చేతపట్టి, అడవికి బయలుదేరింది.

అడవి అంచున సానవ్వ అనే తాపసి కాటుక పడుతోంది. సోమిలి కథంతా విని ఆమె నిట్టూర్చింది. నల్లగుహలో గ్రహణాక్షుడనే రాక్షసుడు ఉన్నాడట. గ్రహణాన్ని సూటిగా చూసినవాళ్ళ చూపులోంచి నడిమి వెలుగును దొంగిలించి, గిన్నెలో దాచుకుంటాడట. గ్రహణం పట్టిన ఏడోరోజు పొద్దుగూకేలోగా వాడి చేతిలోంచి గిన్నె లాక్కోకపోతే ఆ వెలుగులు వాడివే అయిపోతాయట.

"వాని చూపుతో చూపు కలిపితే రాయైపోతావు బిడ్డా. కండ్లు మూసుకుంటే గిన్నె చిక్కదు," అంది సానవ్వ.

"మరి ఎట్లా అవ్వా?"

"నీకాడ ఉండేదాంట్లో దేన్నీ చెడ్డదనుకోవాకు. అంతే నేను చెప్పేది."

సోమిలికి ఆ మాట అర్థం కాలేదు. అడిగే వ్యవధీ లేదు.

ఆరోరోజున ఒక లోయ అడ్డొచ్చింది. దాని మీద రెండు వెదురుబొంగులు వేసి ఉన్నాయి. పక్కనే రెండు తలల ఉడుము కాపలా కాస్తోంది. తిన్నని బొంగు మీద నడిస్తే దాటవచ్చు, వంకరదాని మీద అడుగుపెడితే లోయలోకే అని ఒక తల చెప్పింది, రెండో తల నవ్వింది. రెండు కళ్ళతో చూస్తే రెండూ వంకరగానే ఉన్నాయి. సోమిలి నేల మీద కూర్చుని, కుడికన్ను మూసి, తండ్రిలాగే గురిచూసింది. ఎడమవైపు బొంగు తిన్నగా ఉంది. ఆమె దాని మీద నడుస్తుంటే ఉడుము రెండు నోళ్ళూ మూసుకుంది.

ఏడోరోజు మధ్యాహ్నానికి నల్లగుహ చేరింది. లోపలినుంచి బరువైన ఊపిరి వినిపిస్తోంది. కళ్ళు మూసుకుని బాణాన్ని బిగించి పట్టుకుంది. బాణం చేతికి తగలగానే అవ్వ మాట వెలిగింది. మచ్చ బాణాన్ని మింగినట్టే రాక్షసుడి ముఖాన్నీ మింగదా?

ఆమె మంచికన్ను గట్టిగా మూసి, మచ్చకన్ను తెరిచి, గుహలోకి సూటిగా చూసింది. రాక్షసుడి ముఖం మచ్చలో పడి మాయమైంది. అంచుల్లో వాడి భుజాలు, చేతులు, చేతిలో మిణుకుమిణుకుమనే గిన్నె కనిపించాయి. ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. చూపు తగలక వాడు గింజుకున్నాడు. అంతలో ముత్తన్న గొంతు వినిపించింది.

"తల్లీ, నీ ముఖం ఎంత వాడిపోయిందే! ఒక్కసారి రెండు కండ్లూ తెరిచి నా పక్క చూడు."

సోమిలి ఎడమ రెప్ప అదిరింది. తెరవబోయి ఆగింది.

"మా నాయనకు నా ముఖం కనిపించడంల్యా," అని గిన్నె లాక్కుంది.

ఆ వెలుగులతోనే వాడు ఇన్నాళ్ళూ చూస్తున్నాడు కాబోలు, గిన్నె పోగానే గుడ్డివాడై గుహగోడలు తడుముకుంటూ మిగిలిపోయాడు. సోమిలి పరుగెత్తింది. వెదురు మీద కాలు జారి గిన్నె ఒరిగింది. ఒక్క వెలుగు లోయలోకి రాలిపోయింది. అది ఎవరిదో? నాయనదేనా? తిరుగుదారి పొడుగునా ఆ ఒక్క ప్రశ్నే ఆమెను తినేసింది.

కోట ముందు పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, వెలుగులను అందులో వదిలింది. వంగి చూసిన ప్రతివాడి కళ్ళలోకీ ఒక వెలుగు దూకి మచ్చ పోయింది. రణధీరుడు మాత్రం కర్రలా నిలబడ్డాడు.

"నిలబడి చూస్తే రాదు మహారాజా. వంగాల," అంది సోమిలి.

రాజు వంగాడు. కిరీటం పళ్ళెంలో పడింది. మచ్చతోపాటు బిగువూ పోయింది. ఓరచూపు నేరమనే శాసనాన్ని అప్పటికప్పుడే కొట్టివేసి, సోమిలిని విలుకాండ్రకు నాయకురాలిగా ప్రకటించాడు. ఆమెకు ఒక్క మాటా వినబడలేదు. పళ్ళెంలో ఒక్క వెలుగే మిగిలింది. తండ్రీ తానూ ఇద్దరున్నారు.

ఆమె తండ్రి మెడ మీద చేయి వేసి వంచింది. తాను కళ్ళు మూసుకుంది, చూసే ధైర్యం లేక.

"తల్లీ," అన్నాడు ముత్తన్న. "నీ ముఖం ఎంత వాడిపోయిందే!"

గుహలో విన్న మాటే అది. ఈసారి సోమిలి రెండు కళ్ళూ తెరిచి నాయన వైపు చూసింది.