మద్దిచెట్టు కూలిన రాత్రి

దూలపల్లి అడవికి ఇవతల, ప్లాట్లు జేసిన జాగల ఒక్క మద్దిచెట్టు మిగిలింది. పొద్దుగూకినంక అటు ఎవ్వరు పోకపోయేది. పసిపిల్ల ఏడ్చినట్టు ఇనవడతదని, పోయినోని ఎనుక ఏదో వస్తదని దానికి చెడ్డపేరు. ప్లాటు కొననీకి వచ్చినోళ్లు సుత ఆ మాట ఇని ఎనుకకు మర్లిపోయేటోళ్లు.

ఆ జాగ రఘునందన్ సేటుది. కట్టెలు కోసే షుకూర్‌ను పిలిచి, "రాత్రే పడగొట్టు. పగలైతే దెయ్యం మీదికొస్తదని ఊరోళ్లు అడ్డమొస్తరు" అన్నడట.

ఇది షుకూర్ భాయ్ నోట నేను ఇన్న ముచ్చట.

దెయ్యమంటే ఆయనకు నమ్మకం లేదు. ఒక్కడే పోయిండు. రంపం మిషన్ తాడు గుంజి చాలు జేసిండు. ఆకులు, పుల్లలు నెత్తిన రాలుతనే ఉన్నయి. చెట్టు కరకరమన్నది... పడ్డది.

మిషన్ బంద్ జేసిండు.

ఏడుపు —

సన్నగ. మస్తు దగ్గర. చెవి ఎనుకనే.

మర్లి చూసిండు... ఎవ్వరు లేరు. కానీ మెడ కింద అంగీని చిన్న చిన్న గోర్లు పట్టుకున్నయి. దులిపిండు. పోలే. ఇంకింత గట్టిగ పట్టుకున్నయి.

మిషన్ ఆడనే పడేసి ఉరికిండు. నెత్తిమీద టప్... టప్... అని గాలి కొడుతాంది. ఎంత ఉరికినా ఇడుస్తలేదు. ఇంట్ల వడి ధన్మని తలుపేసిండు.

"సాలేహా... నా ఈపు మీద ఏముందో చూడు..."

ఆయన పెండ్లాం సాలేహా సెల్లు లైటు ఏసి చూసింది. "కదలకుండ్రి," అని చున్నీతోని మెల్లగ తీసి దోసిట్ల పెట్టుకుంది.

గబ్బిలం పిల్ల. కుక్కపిల్ల అసొంటి మూతి. గజగజ వణుకుతాంది.

"పండ్లు తినే గబ్బిలమిది," గుసగుసగ అన్నది. "మా చిన్నప్పుడు అడవి నిండ ఉండేటివి. ఇగ గా ఒక్క చెట్టు మీదనే మిగిలినయి... తల్లి ఎతుకుతుంటది. ఇచ్చి రాండ్రి."

షుకూర్‌కు పానం నిమ్మలమైంది. నవ్వు సుత వచ్చింది — గింత పిల్లకా నేను ఉరికింది! పిల్లను పట్టుకొని తలుపు తీసిండు.

వాకిట్ల యాపచెట్టుకు ఒక్క ఆకు కనవడలే. కొమ్మ కొమ్మకు నల్లగ... తలకిందులుగ... తల్లి ఒక్కతే రాలే. మద్దిచెట్టు కూలి జాగ పోయినయన్ని వచ్చినయి. సప్పుడు లేదు. అన్ని కండ్లు ఆయన దిక్కే చూస్తున్నయి.

పిల్లను రెండు చేతులతోని పైకి లేపిండు. ఒక్కటి దిగి వచ్చి, పిల్లను పొట్టకు కరుచుకొని మళ్ల కొమ్మకెక్కింది.

పిల్ల దొరికింది గదా, ఇగ పోతయనుకున్నడు.

ఒక్కటి గూడ కదల్లే.