ఆపరేషన్ జలనేత్రం

బాలరాజ్‌ను చంపడానికి వాళ్లు తుపాకీ వాడలేదు. ఫోన్ చేసి, ట్యాంకర్ వాల్వ్ తిప్పమన్నారు.

అతను తిప్పాడు. తను తోలుతున్న ట్యాంకర్‌లో యాసిడ్ ఉందని అతనికి తెలియదు. చిట్కుల్ దగ్గరి ఆ మ్యాన్‌హోల్‌లో అప్పటికే సల్ఫైడ్ వ్యర్థం పారుతోందనీ తెలియదు. రెండూ కలిసిన చోట కుళ్లిన కోడిగుడ్డు వాసన లేచింది. బాలరాజ్ చక్రం పక్కనే కూలిపోయాడు. అక్కడి సెన్సర్ మాత్రం ఆ పూటంతా పచ్చ రంగే చూపించింది. గాలి శుభ్రం, నీళ్లు శుభ్రం. చివరికి అందరూ గుండెపోటు అన్నారు.

బాలరాజ్ తమ్ముడు శ్రీశైలం ఆ మాట నమ్మలేదు. దేన్నీ నమ్మకపోవడమే అతని ఉద్యోగం.

వానలు మళ్లీ మొదలైన ఒక ఉదయం, పటాన్‌చెరులో ముంబై హైవే పక్కన ‘మినరల్ వాటర్’ బోర్డున్న షట్టర్ ముందు అతను ఆటో దిగాడు. లారీ క్లీనర్ వేషం. లుంగీ, నూనె మరకల చొక్కా, మెడలో తువాలు.

కౌంటర్ దగ్గరి ముసలామె తలెత్తలేదు. “నీళ్ల క్యాన్ కావాల్నా?”

“నింపింది వద్దు. ఖాళీది ఇయ్యి.”

ఆమె కాలితో బటన్ నొక్కింది. నీళ్ల మిషన్ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లోపల గోడంతా స్క్రీన్లే. శాటిలైట్ ఫోటోలు, డ్రోన్ వీడియోలు, వాగుల పొడవునా మెరిసే చుక్కలు. ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా కనిపించని ఎన్విరాన్‌మెంట్ ఇంటెలిజెన్స్ వింగ్ అది. డైరెక్టర్ సునంద నమస్కారానికి కూడా టైమ్ ఇవ్వలేదు.

“ఇయ్యాల జలనేత్రం ప్రారంభం. కాలువలల్ల, వాగులల్ల మన సొంత సెన్సర్లు. నీళ్లల్ల గాని గాలిల గాని విషం కనబడితే ఊళ్లె ప్రతి ఫోనూ మోగుతది. ఇది నడిస్తే ఒకని దుకాణం బంద్.”

స్క్రీన్ మీద ఒక తెల్లదొర నవ్వుతున్నాడు.

“విక్టర్ హాల్డెన్. ఆక్వాట్రూ కంపెనీ ఓనర్. ఫ్యాక్టరీలకు పొల్యూషన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతడు. అది విషాన్ని కొలవదు, దాస్తది. కాలువల ఏం పారినా స్క్రీన్ పచ్చగనే ఉంటది. ఇంకా చాన దేశాలల్ల గిదే దందా.” ఆమె అతని వైపు తిరిగింది. “మీ అన్నకు ఫోన్ చేసింది వీని మనుషులే.”

శ్రీశైలం స్క్రీన్ వైపు అడుగేశాడు. “వాడు యాడున్నడు మేడం?”

“ముందు విను. వాడు జలనేత్రం సర్వర్‌లకు సొచ్చిండు. ప్రారంభం టైమ్‌కు మన సెన్సర్లు ఫ్రీజ్ అయితయి. గప్పుడే యాడనో విషం వదులుతరు. జనం సస్తరు, మన స్క్రీన్ పచ్చగుంటది. పరువు మనది పోతది, దేశమంతటి కాంట్రాక్టు వానికి పోతది. ఏ జాగల వదులుతరో మనకు తెల్వదు. కృష్ణప్రియకు తెల్సు.”

కృష్ణప్రియ ఆక్వాట్రూ సేల్స్ హెడ్. ఏడాదిగా ఈ వింగ్‌కు రహస్యంగా సమాచారం ఇస్తోంది.

“ఆమెను నమ్మొచ్చునా?”

“మనకిచ్చినవన్నీ నిజాలే. మన గురించి వానికేం ఇచ్చిందో తెల్వదు.” సునంద అతనికి బేడీలు ఇచ్చి, మణికట్టుకు ఒక వాచీ తొడిగింది. “దీంట్ల గ్యాస్ సెన్సర్, నువ్వు యాడున్నది చూపే ట్రాకర్ ఉన్నయి. ఎర్రగైతే ఊపిరి బిగబట్టుకొని ఎత్తుకు ఉరుకు. ఆ గ్యాస్ పల్లానికే పోతది. ఇంకొకటి, శ్రీశైలం. హాల్డెన్ నాకు ప్రాణంతోని కావాలె.”

అతను వాచీ పట్టీ బిగించుకుని బయటికి నడిచాడు.

ఇస్నాపూర్ చౌరస్తాలో ఎర్ర కారు ఆగి ఉంది. లారీల దుమ్ములో కూడా నలగని సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. శ్రీశైలం ఎక్కగానే కృష్ణప్రియ గేరు మార్చింది.

“చిట్కుల్‌కి ఎగువన మూతపడిన కెమికల్ యూనిట్ ఒకటుంది. అక్కడ రెండు ట్యాంకులు. ఒకదాంట్లో యాసిడ్, ఒకదాంట్లో సల్ఫైడ్. రెండూ ఒకే కాలువలోకి తెరుచుకుంటాయి. టైమర్ పెట్టేశారు.”

“ఆ కాలువ యాడికెళ్లి పోతది?”

“చిట్కుల్‌లో కార్మికుల ఇళ్ల పక్క నుంచే.”

శ్రీశైలానికి ఆ గల్లీలు తెలుసు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఈపాటికి తలుపులేసుకుని నిద్రపోతుంటారు. బాలరాజ్ భార్య రేఖ వదిన కూడా అక్కడే ఒక గదిలో కిరాయికి ఉంటోంది.

యూనిట్ గేటుకు తాళం లేదు. గట్టు మీద కంట్రోల్ రూమ్. లోపలి స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. శ్రీశైలం ప్యానెల్ మీదికి వంగాడు. వెనక నుంచి చల్లటి ఇనుము మెడకు తగిలింది.

“చేతులెత్తు,” అంది కృష్ణప్రియ.

గుమ్మంలో హాల్డెన్ నిలబడి ఉన్నాడు. చేతిలో ట్యాబ్లెట్, దాని మీద ఆక్వాట్రూ పచ్చ స్క్రీన్. బయట అతని కారు ఇంజిన్ నడుస్తూనే ఉంది. అతను ఇంగ్లీషులో తాపీగా మాట్లాడాడు. “ఏజెంట్‌ను తెచ్చిచ్చినందుకు థాంక్స్, ప్రియా. మిస్టర్, కరెంట్ తీసేద్దామనుకుంటున్నావేమో. కరెంట్ పోతే వాల్వులు స్ప్రింగ్‌తో వాటంతటవే తెరుచుకుంటాయి. ఆపేది నా క్యాన్సిల్ కోడ్ ఒక్కటే.”

శ్రీశైలం వెనక్కి తిరగలేదు. “మేడం, నన్ను సంపేముందు గీ స్క్రీన్ జెర సూడు. టైమర్ ఎవరి పేరు మీద పెట్టిండో.”

ఆమె చూసింది. ఆర్డర్ ఇచ్చిన యూజర్ కృష్ణప్రియ. లాగిన్ ఆమెది, వేలిముద్ర ఆమెది.

“రేపు నిన్ను పట్టుకుంటరు. వీడు ఫ్లైట్‌ల ఉంటడు.”

కళ్లద్దాలు తీసి ఆమె ఇంకోసారి చదివింది. పిస్టల్ మెల్లగా హాల్డెన్ వైపు తిరిగింది. “నా పేరు మీదా, విక్టర్?”

“బిజినెస్, ప్రియా...” అంటూనే అతను కారు వైపు పరుగెత్తాడు. ఆమె పేల్చిన తూటా కారు టైరుకు తగిలింది. శ్రీశైలం అతణ్ని బురదలో పడేశాడు.

“కోడ్ చెప్పు.”

“చెప్పను. కావాలంటే కొట్టు. టైమ్ నాది.”

ఆ మెడ నులమాలని శ్రీశైలం చేతులు లాగాయి. కానీ అతను కొట్టలేదు. కాలర్ పట్టి గట్టు దిగువకు ఈడ్చుకుపోయి, రెండు పైపులూ కాలువలోకి నోరు తెరిచిన చోట ఇనుప ఊచకు బేడీ వేశాడు. ట్యాబ్లెట్ అతని ముందు నిలబెట్టి, తనూ పక్కనే చతికిలబడ్డాడు.

“ఏం చేస్తున్నావ్?” హాల్డెన్ గొంతు మారింది.

ఈసారి శ్రీశైలం ఇంగ్లీషులో అన్నాడు, ఒక్కో మాటా విడమర్చి. “కూర్చున్నాను. నీ స్క్రీన్ చూడు. పచ్చగా ఉంది. గాలి శుభ్రం, నీళ్లు శుభ్రం. ఇక భయమెందుకు?”

“అది అబద్ధమని నీకు తెలుసు!”

“నాకు తెలుసు. మా అన్నకు తెలియదు.”

పైన మోటార్లు మూలిగాయి. ఒక పైపు అంచున పసుపు చుక్క వేలాడి జారింది. రెండో పైపు నుంచి నల్లటి ధార, సన్నగా. కుళ్లిన కోడిగుడ్డు వాసన లేచింది. వాచీ ఎర్రబడింది. ట్యాబ్లెట్ ఇంకా పచ్చగానే ఉంది.

హాల్డెన్ కోడ్ అరిచాడు. మళ్లీ అరిచాడు, అక్షరం అక్షరం. గట్టు మీద కృష్ణప్రియ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. వాల్వులు ఒక్కసారి వణికి బిగుసుకున్నాయి.

ఆ కోడ్‌తోనే ఫ్రీజ్ అయిన జలనేత్రం సెన్సర్లూ మేలుకున్నాయి. కారిన ఆ కొంచెం వాటికి చాలు. చిట్కుల్‌లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

శ్రీశైలం ఊపిరి బిగబట్టి బేడీ తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు. ఒక్కో జేబూ. నిదానంగా. హాల్డెన్ ఏడుస్తున్నాడు. అన్న కూడా ఇలాగే గాలి కోసం కొట్టుకుని ఉంటాడనుకున్నాడు శ్రీశైలం. అప్పుడు దొరికింది తాళంచెవి.

హాల్డెన్‌ను లాక్కుంటూ గట్టు ఎక్కేసరికి ఫోన్. రేఖ గొంతు, వెనక గోలగోలగా జనం.

“శ్రీశైలం, ఫోన్ల ఏందో మోగింది. పిలగాండ్లందర్ని తలుపులు కొట్టి లేపి హైవే మీదికి తోల్కొచ్చిన. ఏమైందయ్యా?”

“ఏం కాలే వదినా,” అన్నాడు. “ఈసారి ఏం కాలే.”

సునంద జీపు వచ్చింది. కృష్ణప్రియ తనే చేతులు చాపింది. “అరెస్ట్ చేయండి. కానీ సాక్ష్యం నాతోనే చెప్పించండి. వాడి ఎదురుగా.”

వెనక సీట్లో హాల్డెన్, మొహానికి ఆక్సిజన్ మాస్కు, సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాడు. సునంద అతణ్ని పైనుంచి కిందికి చూసింది. ఒక్క గాయం లేదు.

“కొట్టినవా?”

“లేదు మేడం.”

“మరి కోడ్ ఎట్ల చెప్పిండు?”

“ఎప్పుడూ ఏసీలనే ఉంటడు గద మేడం,” అన్నాడు శ్రీశైలం. “జెర గాలి మార్పుకు బయటికి తీస్కపోయిన.”