కొండను తోసిన గండశిలుడు

సిరిపల్లె రాజ్యంలో ఏడు ఊళ్ళకు నీళ్ళిచ్చే ఊట ఒక్కటే. గండశిలుడనే రాక్షసుడు దానికి పెద్ద బండ అడ్డం పెట్టాడు. తొలగించబోయిన వాళ్ళ అరచేతులు ఆ బండకే అతుక్కుపోయేవి. రాజుగారి మల్లులు పదకొండుమంది అలా చిక్కుకున్నారు. తరువాత వెళ్ళిన రాళ్ళు కొట్టే ఓబన్న కూడా తిరిగి రాలేదు.

ఓబన్న కూతురు సుంకి తండ్రి గునపం భుజాన వేసుకుని, కొంగున కాస్త సున్నం మూటగట్టుకుని అడవిలోకి బయలుదేరింది.

రెండు రాళ్ళ నడుమ ఇరుకు దారిలో ఒక మాయ ఉడుము అడ్డంగా పడుకుని ఉంది. “నన్ను కదిలించు, దారిస్తా” అంది. సుంకి తోక పట్టుకుని ముఖం ఎర్రబడేదాకా లాగింది. ఉడుము పట్టు వదలలేదు.

“అబ్బో, ఎంత పని చేశావమ్మీ!” అని మెచ్చుకుంది ఉడుము.

“ఏం పని? నువ్వు ఉన్నచోటే ఉన్నావు కదా!” అని సుంకి పక్కనున్న చెదపుట్ట తవ్వి, గుప్పెడు చెదలు తెచ్చి పది అడుగుల దూరంలో పోసింది. ఉడుము గబగబా పాక్కుంటూ వెళ్ళింది. తిన్నాక, “నీ తమాషా బాగుంది, నేనూ వస్తా” అని వెంట నడిచింది.

ఊట దగ్గర బండకు అతుక్కుని ఉన్న ఓబన్న కేక వేశాడు. “సుంకీ, చెయ్యి పెట్టొద్దు తల్లీ!”

“పెట్టను నాయనా, గునపం ఉందిగా.”

గండశిలుడు పగలబడి నవ్వాడు. “ఈ పూచికపుల్లా నా మీదికొచ్చేది?”

“పందెం వేద్దాం రాక్షసయ్యా. పొద్దుగూకేలోగా నీకంటే నేనెక్కువ పని చేస్తే వీళ్ళందరినీ వదిలెయ్యాలి. ఓడితే నేనూ ఇక్కడే అతుక్కుంటా.”

“సరే! నువ్వు బండను తోసుకో. నాకు అదేం సరిపోతుంది? నేను కొండనే తోస్తా!”

సుంకి వాళ్ళ గనిలో పని మొదలుపెట్టే ముందు రాయి అంచున నేల మీద సున్నంతో గీత గీస్తారు. సాయంత్రం రాయి గీత దాటిందా అనే చూస్తారు, ఎవరికెంత చెమట పట్టిందో అడగరు. సుంకి బండకొక గీత, కొండకొక గీత గీసింది. గునపం మొన బండ కిందికి దోపి, గునపం కింద చిన్న రాయి పెట్టి, రెండో కొస మీద వాలింది. బండ కదల్లేదు. చిన్న రాయిని బండకు ఇంకా దగ్గరగా జరిపి మళ్ళీ వాలింది. బండ వేలెడు జరిగింది! వెనక్కి జారకుండా గులకరాళ్ళు దోపింది. ఓబన్న “ఐలెస్సా” అంటే మల్లులంతా అందుకున్నారు.

అవతల గండశిలుడు కొండకు భుజం ఆనించి తోస్తూనే ఉన్నాడు. పొద్దు వాలింది. ఉడుము తీర్పు చెప్పింది. “బండ మూరెడు జరిగింది. కొండ గీత మీదే ఉంది.”

“నా చెమట చూడు, మడుగు కట్టింది!” అన్నాడు గండశిలుడు రొప్పుతూ.

“బలం కొండంత పెట్టావు రాక్షసయ్యా, కాదనను” అంది సుంకి. “ కానీ కొండ వెంట్రుకవాసి కూడా జరగలేదు. జరగనిదే పని ఎక్కడిది?”

రాక్షసుడు మాట తప్పలేదు. మంత్రం చదివాడు. అందరి చేతులూ ఊడివచ్చాయి. ఓబన్న కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. గండశిలుడు మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

“అంత బలం ఊరికే పోతోందే! ఒకసారి ఈ బండను తోసి చూడు” అంది సుంకి.

అతను ఒక్క తోపు తోశాడు. బండ దొర్లింది, నీళ్ళు ఎగజిమ్మి అందరినీ తడిపాయి. “కదిలింది! నా వల్లే కదిలింది!” అని రాక్షసుడు గంతులు వేశాడు.

రాజు ఏడు ఊళ్ళ నీళ్ళకూ సుంకిని ఏలికను చేశాడు. కాలువలు తవ్వే పని గండశిలుడు అడిగి మరీ తీసుకున్నాడు. నీళ్ళు లేక ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఆ నెలలోనే జరిగాయి. ప్రతి పెళ్ళిలోనూ అతను రెండు బానల పాయసం తాగి, మూడోది ఎక్కడని అడిగేవాడు.